లాక్‌డౌన్ కాలంలో తెలుగువారి ఇల్లు, సంసారం

కొవిడ్-19 మహమ్మారిని అదుపు చేయడానికి 2020 మార్చి 25 నుంచి మే 31 దాకా, అంటే 68 రోజుల పాటు, దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని కుటుంబాలు ఇళ్ళలో ఎలా బతికాయి, పొట్టకూటి కోసం దేశవిదేశాలకు వెళ్ళినవారికీ వారి ఇళ్ళకూ మధ్య ఏం జరిగింది, ఆ తర్వాత ఏం మిగిలింది అన్నది ఈ వ్యాస విషయం. బడి, ఆఫీసు, గుడి, సినిమా హాలు, కొన్నిచోట్ల ఆసుపత్రి కూడా ఇంట్లోకే వచ్చి చేరిన కాలమది. ప్రభుత్వ ఉత్తర్వు అందరికీ ఒక్కటే అయినా, దాని బరువు అన్ని ఇళ్ళ మీదా ఒకేలా పడలేదు. ఇంట్లో గదులెన్ని, ఫోన్లెన్ని, వచ్చేది నెల జీతమా రోజు కూలా, వంటా వార్పూ ఎవరి నెత్తిన ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఒక్కో కుటుంబం అనుభవం ఒక్కో తీరుగా సాగింది.

నేపథ్యం

అంటురోగాలు తెలుగు నేలకు కొత్త కాదు. గత్తర, మశూచి, ప్లేగు కబళించిన ఊళ్ళ కథలు పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తాయి. ప్లేగు రోజుల్లో ఇంట్లో ఎలుకలు రాలిపడటం మొదలైతే జనం ఇల్లు విడిచి, ఊరి బయట పొలాల్లో పాకలు వేసుకుని ఉండేవారు. హైదరాబాద్ నగరం ప్లేగుతో అల్లాడిన తర్వాతే, 1912లో, ఇరుకు బస్తీలను బాగుచేయడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, పొయ్యి మీద పోపు పెట్టకుండా, బయటివారిని గడప తొక్కనివ్వకుండా ఉండటం పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్న ఆచారమే. అయితే అప్పట్లో తలుపు మూసుకునేది జబ్బు ఉన్న ఇల్లు మాత్రమే. 2020లో జబ్బు ఉన్న ఇల్లు, లేని ఇల్లు అన్న తేడా లేకుండా కోట్ల ఇళ్ళు ఒకేసారి మూతపడ్డాయి.

చైనాలోని వూహాన్ నగరాన్ని 2020 జనవరి 23న దిగ్బంధం చేశారు. మార్చి 9న ఇటలీ దేశం మొత్తానికి ఆంక్షలు విధించింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. తెలంగాణలో తొలి కేసు మార్చి 2న హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు మార్చి 12న నెల్లూరులోనూ బయటపడ్డాయి. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రం అయిదు గంటలకు జనం గుమ్మాల్లోకి, బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు, కంచాలు మోగించారు. ఆ రోజే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ మార్చి 31 వరకు లాక్‌డౌన్ ప్రకటించాయి. మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి ప్రకటనతో అది దేశమంతటికీ పాకింది. మొదట 21 రోజులన్నారు. అది మే 3కు, మే 17కు, మే 31కి పెరుగుతూ పోయింది. తెలంగాణ ప్రభుత్వం మధ్యలో మే 7, మే 29 అంటూ సొంత గడువులు కూడా పెట్టింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఈ ఉత్తర్వులకు ఆధారం.

దేశవ్యాప్త లాక్‌డౌన్ తొలిరోజు ఉగాది. శార్వరి నామ సంవత్సరం ఆ రోజే మొదలైంది. మామిడాకులు, వేపపువ్వు ఇరుగుపొరుగు చెట్ల నుంచి వచ్చాయి. పంచాంగ శ్రవణం టీవీలో విన్నారు.

ఇల్లు, దాని కొలతలు

2011 జనగణన ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలు ఒకే గదిలో కాపురం ఉండేవి. ‘ఇంట్లోనే ఉండండి’ అన్న మాటకు ఆ ఇళ్ళలో అర్థం వేరు. మామూలు రోజుల్లో ఆ గదిని అందరూ ఒకేసారి వాడరు. తెల్లవారగానే తండ్రి అడ్డా మీదికి, తల్లి నాలుగిళ్ళ పాచి పనికి, పిల్లలు బడికి పోతారు. రాత్రి పడుకోవడానికే అందరూ ఒకచోట చేరతారు. లాక్‌డౌన్‌లో అయిదారుగురు పొద్దంతా ఆ గదిలోనే ఉండాల్సి వచ్చింది. ఏప్రిల్, మే నెలల ఎండకు రేకుల కప్పు కింద మధ్యాహ్నం కూర్చోలేరు, వీధి అరుగు మీదికి వస్తే పోలీసుల అదిలింపు. హైదరాబాద్ బస్తీల్లోనూ, విజయవాడ కొండ ప్రాంతాల్లోనూ కుళాయి దగ్గర, ఉమ్మడి మరుగుదొడ్ల దగ్గర మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించడం సాధ్యమయ్యే పని కాదు.

కాస్త వెసులుబాటు ఉన్న ఇళ్ళకు డాబా అక్కరకు వచ్చింది. పొద్దున నడక, సాయంత్రం గాలిపటాలు, రాత్రి చాపలు పరచుకుని పడుకోవడం, పక్క డాబావారితో కబుర్లు అన్నీ అక్కడే. ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిమిషాల పాటు కరెంటు దీపాలు ఆర్పి ప్రమిదలు వెలిగించిందీ చాలామంది ఆ డాబాల మీదే.

పల్లెల్లో పొలం పనికి మినహాయింపు ఉండటంతో జీవనం అంతగా గడ్డకట్టలేదు. కానీ భయం అక్కడా ఉంది. మార్చి నెలాఖరులో ఎన్నో ఊళ్ళవాళ్ళు పొలిమేర దారులకు అడ్డంగా ముళ్ళకంప వేసి, బండరాళ్ళు పెట్టి, పట్నం నుంచి వచ్చినవారిని, ఒక్కోసారి సొంత ఊరి బిడ్డలను కూడా ఆపారు.

ఇల్లే క్షేమమన్న ఆ రోజుల్లో విశాఖపట్నం శివారులో ఇల్లే ప్రమాదస్థలమైంది. మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ వాయువు లీకై, ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాల్లో నిద్రలో ఉన్న కుటుంబాల మీద కమ్ముకుంది. జనం పిల్లలను ఎత్తుకుని చీకట్లో పరుగులు తీశారు. దారిలోనే స్పృహ తప్పి పడిపోయారు. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌తో ఆగిపోయిన కర్మాగారాన్ని మళ్ళీ నడిపే సన్నాహాల్లో ఉండగా ఈ దుర్ఘటన జరిగింది.

సరుకులు, వంటిల్లు

ఆంధ్రప్రదేశ్‌లో ఉదయం కొద్ది గంటలు మాత్రమే కొనుగోళ్ళకు వీలుండేది. తెలంగాణలో ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి పోకూడదన్నారు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా కర్ఫ్యూ. రైతుబజార్లను ఇరుకు సందుల నుంచి మైదానాల్లోకి మార్చి, నేల మీద సున్నంతో గళ్ళు గీసి మనుషులను నిలబెట్టారు. ఇంటికి ఒక్కరే బజారుకు వెళ్ళాలి కనుక ఎవరు వెళ్ళాలన్నది ఇంట్లో ఒక నిర్ణయమైంది. బీపీ, షుగరు ఉన్న పెద్దవారిని ఆపి కుర్రవాళ్ళను పంపారు. తిరిగి వచ్చాక చెప్పులు బయట, బట్టలు బకెట్లో, మనిషి నేరుగా స్నానాల గదిలోకి. కూరగాయలను ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టేవారు. పాల ప్యాకెట్లను సబ్బునీళ్ళతో కడిగేవారు. వైరస్ కాగితం మీద అంటుకుని వస్తుందేమోనని ఎన్నో ఇళ్ళు పేపరు మానేశాయి.

రోజు కూలి మీద బతికే ఇళ్ళకు సరుకులు ఎలా కడగాలన్నది కాదు, ఎలా తేవాలన్నది ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబంలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం లేదా పిండి, 500 రూపాయలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యంతో పాటు కిలో కందిపప్పు, గ్రామ, వార్డు వాలంటీర్ల చేత ఇంటింటికీ 1,000 రూపాయలు అందాయి. కేంద్రం ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద మనిషికి నెలకు అదనంగా 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇచ్చింది. ఏప్రిల్ నుంచి మూడు నెలలు మహిళల జన్‌ధన్ ఖాతాల్లో 500 రూపాయల చొప్పున వేసింది. ఇవి చాలా పొయ్యిలను ఆరిపోకుండా నిలిపాయి. కానీ బియ్యం వచ్చినంత తేలిగ్గా నూనె, కూరగాయలు, గ్యాసు, అద్దె డబ్బులు రాలేదు. పచ్చడి మెతుకులతోనో చారన్నంతోనో పూట గడిపిన ఇళ్ళు కోకొల్లలు.

కాలం ఎండాకాలం కావడంతో ఆవకాయ రోజులు లాక్‌డౌన్‌లోనే వచ్చాయి. ఏటా నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి కాయలు తెచ్చుకుని, కొట్టించుకుని, ఒకరి ఇంట్లో ఒకరు కలిపే పని అది. ఆ ఏడు తోటల్లో కాయలున్నా బజారుకు బండ్లు రావడం కష్టమైంది. బజారులో కాయలు కొట్టిపెట్టేవాళ్ళు కనబడలేదు. మగవాళ్ళు కత్తిపీట ముందు కూర్చున్నారు. టెంక చీలేలా కాయ కొట్టడం కొందరికి అదే మొదటిసారి. ముక్కలను పొడిగుడ్డతో తుడిచి, టెంక మీది పొర తీసే పని పిల్లలకు పడింది. ఆవపిండి మరకు వెళ్ళే వీల్లేక మిక్సీలో వేసుకున్నారు. అమెరికాకు, బెంగళూరుకు పార్సెళ్ళుగా పోవాల్సిన జాడీలు ఆ ఏడు అటక మీదే ఉండిపోయాయి.

హోటళ్ళు, కర్రీ పాయింట్లు, బేకరీలు మూతపడటంతో బయట కొనుక్కునే రుచులన్నీ ఇంట్లోనే చేసుకోవాల్సి వచ్చింది. యూట్యూబ్ చూసి జిలేబీ చుట్టారు, కుక్కర్లో కేకు చేశారు. రంజాన్ నెల ఏప్రిల్ 25న మొదలైనా, హైదరాబాద్ హలీం తయారీదారులు ఆ ఏడాది బట్టీలు వెలిగించలేదు. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం, పసుపు కలిపిన పాలు తాగమని ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించడంతో అవి ఇంటింటా నిత్యకృత్యమయ్యాయి. ఇవి రోగనిరోధక శక్తికి తోడ్పడతాయన్నది ఆ శాఖ చెప్పిన మాటే తప్ప, కొవిడ్‌కు చికిత్స అని కాదు.

ఇంటిపని

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ఫలితాలు 2020 సెప్టెంబరులో వెలువడ్డాయి. దేశంలో ఆరేళ్ళు దాటిన స్త్రీలలో 81.2 శాతం మంది ఏ జీతమూ లేని ఇంటిపని చేస్తున్నట్టు తేలింది. పురుషులలో ఆ పని చేసేవారు 26.1 శాతం. చేసేవారి లెక్కలోనూ స్త్రీ రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే పురుషుడు 97 నిమిషాలు వెచ్చించాడు. లాక్‌డౌన్ ఈ పునాది మీద వచ్చి పడింది.

అందరూ ఇంట్లో ఉంటే పని తగ్గుతుందనుకోవడం పొరపాటు. క్యారేజీలు కట్టే పని తప్పింది గానీ, మూడు పూటలా అందరికీ వేడివేడిగా వండాల్సి వచ్చింది. మధ్యలో టీలు, చిరుతిళ్ళు. ప్రతి పూటా సింకు నిండా అంట్లు. అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు పనిమనుషులను గేటు లోపలికి రానివ్వలేదు. కొందరు యజమానులు పని లేకపోయినా జీతం ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. పని ఆగిపోయిన పనిమనిషికి తన ఇంట్లో సంపాదన ఆగింది, చాకిరీ పెరిగింది.

మగవాళ్ళ చేతికి చీపురు రావడం గురించి ఆ రోజుల్లో బాగా చర్చ జరిగింది. ఏప్రిల్ మూడో వారంలో దర్శకుడు సందీప్‌రెడ్డి వంగా ‘బీ ద రియల్ మ్యాన్’ పేరుతో ఇంటిపని చేస్తున్న వీడియో పెట్టి రాజమౌళికి సవాలు విసిరారు. రాజమౌళి ఇల్లు ఊడ్చి, తుడిచి ఎన్టీఆర్‌కు, రామ్‌చరణ్‌కు దాన్ని అందించారు. చిరంజీవి పెసరట్టు వేసి తల్లికి పెట్టారు. తారల ఇళ్ళలో అది ఒక్క వీడియో కావచ్చు, కానీ దాన్ని చూసి లక్షల ఇళ్ళలో ‘మరి మన సంగతేమిటి’ అన్న మాట నడిచింది. కూరలు తరగడం, అంట్లు తోమడం నేర్చుకున్న భర్తలు, కొడుకులు నిజంగానే ఉన్నారు. ఆఫీసులు తెరుచుకున్నాక ఆ అలవాటు ఎన్ని ఇళ్ళలో నిలిచిందన్నది ఆ ఇల్లాళ్ళే చెప్పాలి.

చదువులు

తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మార్చి 19న మొదలై మూడు పేపర్లతో ఆగిపోయాయి. రెండున్నర నెలల పాటు పుస్తకం మూయాలో తెరవాలో తెలియని స్థితిలో పిల్లలు, వాళ్ళతో పాటు తల్లిదండ్రులు గడిపారు. చివరికి జూన్ 8న పరీక్షలను రద్దుచేసి అయిదు లక్షల ముప్పై వేలకు పైగా విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నిర్ణయం జూన్ 20న వచ్చింది.

బడి సెల్‌ఫోన్‌లోకి వచ్చాక ఇంట్లో ఫోను ఎవరిదన్న పేచీ మొదలైంది. ఇద్దరు పిల్లలు, ఒక్క స్మార్ట్‌ఫోను ఉన్న ఇంట్లో పదింటికి ఇద్దరికీ క్లాసు ఉంటే, పదో తరగతి వాడికి ముందు, ఆరో తరగతి పిల్లకు తర్వాత అన్నట్టు వంతులు నడిచాయి. తండ్రి ఆ ఫోనుతోనే ఆటో కిరాయిలు, మేస్త్రీ పనులు మాట్లాడుకునేవాడైతే, లాక్‌డౌన్ సడలి ఆయన పనికి వెళ్ళిన రోజున బడి కూడా ఆయన జేబులోనే వెళ్ళిపోయేది. సిగ్నల్ కోసం మన్యం పల్లెల పిల్లలు గుట్టలెక్కారు. 2020 సెప్టెంబరులో ఫోను ద్వారా జరిగిన ‘అసర్’ విద్యా సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం ఉండగా 61.8 శాతానికి చేరాయి. నాలుగింట మూడొంతుల మంది పిల్లలకు ఇంట్లో ఎవరో ఒకరు చదువులో సాయపడ్డారని కూడా అదే సర్వే చెప్పింది. ఆ సాయపడినవారిలో తమకు పెద్దగా చదువు లేని అమ్మానాన్నలు, అక్కలు, అన్నలు ఎందరో ఉన్నారు.

తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఛానెల్ ఆ పని చేసింది. అక్కడ బడులు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకోగా, తెలంగాణలో తొమ్మిదో తరగతి, ఆపై విద్యార్థులు 2021 ఫిబ్రవరి 1న తరగతి గదిలో అడుగుపెట్టారు. మధ్యాహ్న భోజనం మీద ఆధారపడిన పిల్లలకు ఆ నెలలన్నీ బడితో పాటు ఒక పూట తిండి కూడా దూరమైన నెలలు.

ప్రైవేటు బడుల టీచర్ల ఇళ్ళలో ఇంకో రకం కష్టం. ఫీజులు రావడం లేదని జీతాలు ఆపేయడంతో, ఎం.ఏ., బి.ఎడ్. చదివినవాళ్ళు కూరగాయల బండి పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనికి పార పట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇంటి నుంచే ఉద్యోగం

హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ కంపెనీలు మార్చి నెలలోనే ఉద్యోగులను ల్యాప్‌టాప్‌లతో ఇళ్ళకు పంపాయి. ఇందుకు వీలుగా టెలికాం శాఖ మార్చి 13న నిబంధనలు సడలించింది. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నాలుగో వంతు మందే ఆఫీసులో ఉంటే చాలునని ఆ ఏప్రిల్‌లో టీసీఎస్ ప్రకటించింది. నగరంలో అద్దె కట్టడం ఎందుకని కుర్ర ఉద్యోగులు భీమవరం, ఖమ్మం, కడప చేరుకున్నారు. పదేళ్ళ కిందట చదువుకని ఇల్లు విడిచిన కొడుకు మళ్ళీ అమ్మ చేతి వంట తింటూ నెలల తరబడి ఇంట్లో ఉండటం ఆ తరం తల్లిదండ్రులకు అనుకోకుండా దక్కిన కాలం.

అయితే ఆఫీసుకు వేళ ఉంటుంది, ఇంట్లో ఆఫీసుకు వేళ లేకపోయింది. రాత్రి పదకొండింటికి విదేశీ క్లయింట్ కాల్, పక్కగదిలో నాన్నగారి టీవీ, కుక్కర్ విజిల్, పాప ఏడుపు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే పోపు పెట్టారు. రిజర్వు బ్యాంకు మార్చి 27న మూడు నెలలు, ఆ తర్వాత ఆగస్టు 31 దాకా అప్పుల వాయిదాల చెల్లింపుపై వెసులుబాటు ఇచ్చినా వడ్డీ ఆగలేదు. జీతాల్లో కోత పడిన ఇళ్ళకు ఆ లెక్క తర్వాత అర్థమైంది.

పండుగలు, పెళ్ళిళ్ళు, కడచూపులు

ఏప్రిల్ 2న శ్రీరామనవమి. ఏటా మిథిలా ప్రాంగణంలో వేలమంది నడుమ జరిగే భద్రాచల సీతారాముల కల్యాణం ఆ ఏడాది భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. జనం టీవీ ముందు అక్షింతలు పట్టుకుని చూశారు. తిరుమలలో మార్చి 20న నిలిచిన దర్శనాలు జూన్ రెండో వారంలో గానీ మళ్ళీ మొదలు కాలేదు. గుడ్ ఫ్రైడే, ఈస్టర్ ప్రార్థనలు ఫోనులో జరిగాయి. రంజాన్ తరావీ నమాజులు ఇళ్ళలోనే చదివారు. ఈద్ నాడు ఆలింగనాలు లేవు. బోనాలను ఇంట్లోనే సమర్పించుకోమని తెలంగాణ ప్రభుత్వం కోరింది. ముందటి ఏడు 61 అడుగులున్న ఖైరతాబాద్ గణపతి 2020లో 9 అడుగులకు పరిమితమయ్యాడు.

ఏప్రిల్, మే ముహూర్తాలకు కుదిరిన పెళ్ళిళ్ళు చాలావరకు వాయిదా పడ్డాయి. హీరో నితిన్ పెళ్ళి ఏప్రిల్‌లో దుబాయ్‌లో జరగాల్సింది, జులై 26న హైదరాబాద్‌లో జరిగింది. ముహూర్తం దాటకూడదనుకున్నవారు అనుమతి తీసుకుని ఇంటి ముంగిట్లోనే తాళి కట్టించారు. మే నెల నుంచి పెళ్ళికి 50 మంది పరిమితి. పిలుపులు తగ్గినందుకు బంధువులు నొచ్చుకున్నా, అప్పు చేయకుండా ఆడపిల్ల పెళ్ళి జరిగినందుకు ఊపిరి పీల్చుకున్న తల్లిదండ్రులు ఉన్నారు.

చావుకు ఆ తేలిక లేదు. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదన్నారు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న కొడుకులు తండ్రి చితిని వీడియో కాల్‌లో చూశారు. కొవిడ్‌తో పోయినవారిని సంచిలో చుట్టి, నలుగురైదుగురు సిబ్బంది దహనం చేసేవారు. పెద్దకర్మ భోజనాలు, పరామర్శకు వచ్చేవారు, ఏడ్చేవారిని పట్టుకుని కూర్చునేవారు లేకపోవడంతో దుఃఖం ఆ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది.

కాలక్షేపం

దూరదర్శన్ మార్చి 28 నుంచి రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను రోజుకు రెండు పూటలా మళ్ళీ ప్రసారం చేసింది. ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించింది. సీరియళ్ళ షూటింగులు ఆగిపోవడంతో తెలుగు ఛానెళ్ళు పాత భాగాలనే మళ్ళీ వేశాయి. 2020లోనే మొదలైన ‘ఆహా’, అప్పటికే ఉన్న ఇతర ఓటీటీ వేదికలు ఇళ్ళలో పాతుకుపోయాయి. థియేటర్లు మూతపడి ఉండగానే ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ జులైలో నెట్‌ఫ్లిక్స్‌లో, నాని నటించిన ‘వి’ సెప్టెంబరు 5న అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా విడుదలయ్యాయి. కొత్త సినిమా మొదటి ఆటను ఇంటిల్లిపాదీ హాల్లో సోఫా మీద చూడటం తెలుగు ప్రేక్షకులకు అప్పుడే మొదలు.

అటక మీది క్యారమ్ బోర్డులు కిందికి దిగాయి. అష్టాచెమ్మా గళ్ళు సుద్దముక్కతో నేల మీద గీశారు. చింతగింజలతో పిల్లలకు వామనగుంటలు నేర్పిన అమ్మమ్మలు ఉన్నారు. మంగలి షాపులు లేక భార్యలు భర్తలకు, అన్నలు తమ్ముళ్ళకు జుట్టు కత్తిరించారు.

దూరాన చిక్కుకున్నవారు

లాక్‌డౌన్ కుటుంబాలను ఇళ్ళలో కట్టిపడేసిందన్నది సగం సంగతి. లక్షల కుటుంబాలను అది విడదీసింది. హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేయమనడంతో మార్చి 25న వేలమంది కుర్రవాళ్ళు పోలీసు పాసులు పట్టుకుని ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గరికపాడు దగ్గరికి చేరి, అక్కడ గంటల తరబడి రోడ్డు మీద ఆగిపోయారు. నిజామాబాద్ జిల్లా నుంచి ఒక తల్లి నెల్లూరు జిల్లాలో చిక్కుకున్న కొడుకు కోసం స్కూటర్ మీద బయల్దేరి, రానూపోనూ 1,400 కిలోమీటర్లు నడిపి ఇంటికి తెచ్చుకుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా గుజరాత్‌లోని వేరావల్‌లో పడవల మీదే నెల రోజులు గడిపారు. ఏప్రిల్ చివర బస్సుల్లో వారిని తీసుకొచ్చారు. విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందేభారత్ విమానాల్లో గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు మొదటిది మే 9న కువైట్ నుంచి వచ్చింది. పిల్లల పురుళ్ళకని, మనవలను చూసుకోవడానికని అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులు మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలు నిలిచిపోవడంతో, తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోతుంటే అక్కడే ఉండిపోయారు.

ఇక్కడికి పనికి వచ్చినవారి గతి ఇంకా కఠినం. ములుగు జిల్లా మిరప చేలలో కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బాలిక, పన్నెండేళ్ళది, అడవి దారిన మూడు రోజులు నడిచి సొంత ఊరికి చేరువలో ప్రాణం విడిచింది. వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్ళలో దేశంలో మొదటిది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయల్దేరింది. ఆ తర్వాతే మిగిలిన రాష్ట్రాల నుంచి రైళ్ళు కదిలాయి.

హింస, మద్యం, మనోవ్యథ

ఇంట్లో కొట్టే మనిషి ఉన్న ఆడవారికి లాక్‌డౌన్ పుట్టింటి దారి మూసింది. పక్కింటికి పోయి తలదాచుకోవడానికి లేదు. అదే గదిలో అతను ఉండగా ఫోను చేయడానికి లేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ఇళ్ళలో హింస ఆపాలని ప్రపంచ దేశాలను కోరారు. మాట్లాడలేనివారు సందేశం పంపేందుకు వీలుగా జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్ 10న వాట్సాప్ నంబరు ప్రారంభించింది. 181 మహిళా హెల్ప్‌లైన్, బాధిత మహిళలను ఆదుకునే సఖి కేంద్రాలు పనిచేస్తూనే ఉన్నాయి.

మార్చి 22 నుంచి మద్యం దుకాణాలు మూతపడటంతో, తాగుడు అలవాటు ఒక్కసారిగా ఆగి వణుకు, మూర్ఛ, మతిచలనంతో వచ్చినవారితో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి కిటకిటలాడింది. నెల తిరిగేసరికి కొన్ని ఇళ్ళలో తగాదాలు తగ్గి, డబ్బు నిలిచింది. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో, మే 6న తెలంగాణలో దుకాణాలు తెరుచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెంచారు. అలవాటు మానని ఇంట్లో ఆ పెరిగిన ధర కూడా బియ్యం డబ్బుల్లోంచే పోయింది.

పెద్దవారిది ఒంటరితనం. 65 ఏళ్ళు దాటినవారు, పదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దన్న సూచన లాక్‌డౌన్ సడలించాక కూడా కొనసాగింది. రచ్చబండ, గుడి మెట్లు, పార్కు బెంచీ దూరమైనవారికి రోజు గడవడం కష్టమైంది. వీడియో కాల్ చేయడం మనవల దగ్గర నేర్చుకున్నవారికి కొంత ఊరట.

రెండో విడత, ఆ తర్వాత

2021 వేసవిలో వచ్చిన రెండో ఉద్ధృతి ఇళ్ళను మొదటిదానికన్నా లోతుగా తాకింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు. తెలంగాణలో మే 12 నుంచి జూన్ 19 దాకా లాక్‌డౌన్ ఉంది. మొదట్లో ఉదయం ఆరు నుంచి పది వరకే సడలింపు. ఆసుపత్రుల్లో పడకలు దొరకక పడకగదే వార్డు అయింది. గుమ్మం బయట స్టూలు మీద కంచం పెట్టి తలుపు తట్టి వెనక్కి జరగడం, రెండు గంటలకోసారి పల్స్ ఆక్సీమీటర్ అంకె చూసి నోటుబుక్కులో రాయడం, రోగిని బోర్లా పడుకోబెట్టడం, ఆక్సిజన్ సిలిండర్ కోసం తెలిసినవారందరికీ ఫోన్లు చేయడం ఆ నెలల దినచర్య. మొదటి ఏడాది వీధి చివరనో పేపర్లోనో విన్న చావు రెండో ఏడాది ఇంట్లోకి వచ్చింది.

ఆ రోజుల నుంచి కొన్ని మిగిలాయి. ఇంటి నుంచి పని పూర్తిగానో వారానికి కొన్ని రోజులో చాలా కంపెనీల్లో నిలిచింది. అయిదు కిలోల ఉచిత ధాన్యం పథకాన్ని కేంద్రం పొడిగిస్తూ వచ్చింది. ఇంట్లో ఆక్సీమీటర్, ఊళ్ళో కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ మామూలు వస్తువులయ్యాయి.

తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మేలో అలాంటి పిల్లల పేర 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేసి, వడ్డీని పోషణకు ఇచ్చే ఏర్పాటు ప్రకటించింది. అదే నెల 29న కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం కింద వారికి 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందాలి. 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి నెల నెలా భృతి ఉంటుంది. 2021లో పదేళ్ళున్న పిల్లకు ఆ సొమ్ము చేతికొచ్చేది 2034లో. అప్పటిదాకా ఆ పిల్లలను పెంచుతున్నది అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనమామలు, బాబాయిలు. వాళ్ళలో చాలామంది ఇళ్ళకు ఆ రెండేళ్ళలో చేసిన వైద్యం అప్పులు కూడా ఉన్నాయి.